నొప్పి పిక్కలో, స్కాన్ నడుముకు: నరం, కండరం, వాటిని చుట్టిన పొరల సంబంధం

ప్రశ్న క్లుప్తంగా ఇది. నలభై రెండేళ్ల వ్యక్తికి నెల రోజులుగా ఎడమ పిక్క బయటివైపు లాగుతోంది, కాలి బొటనవేలి పైభాగం తిమ్మిరిగా ఉంటోంది, నడుములో మాత్రం చెప్పుకోదగ్గ నొప్పి లేదు. డాక్టరు గారు కాలిని వదిలేసి నడుముకు ఎం.ఆర్.ఐ. రాశారు. తెలిసినవారొకరు "ఇదంతా ఫేషియా బిగుసుకుపోవడం వల్ల, పది సిట్టింగుల మసాజ్‌తో పోతుంది" అన్నారు. కాలికీ నడుముకూ సంబంధమేమిటి, నరాలూ కండరాలూ ఈ ఫేషియా అనేదీ శరీరంలో ఎలా కలిసి ఉంటాయి అని అడిగారు.

నేను ఇరవై ఏళ్లకు పైగా ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. చేతితో పరీక్షించకుండా రోగనిర్ధారణ చేయడం నాకు సమ్మతం కాదు కాబట్టి మీ జబ్బు ఫలానా అని ఇక్కడ చెప్పను. అయితే డాక్టరు గారు నడుము వైపు చూడటం సబబే. ఇక ఫేషియా గురించి మీరు విన్నది సగం నిజం. శరీరంలో అన్నీ ఒకదానితో ఒకటి కలిసే ఉంటాయన్నది ఎంత నిజమో, ఆ కలయికకు కచ్చితమైన దారులున్నాయన్నదీ అంతే నిజం. దారి తెలియకుండా "అన్నీ కలిసే ఉన్నాయి" అనడం వల్ల రోగికి ఒరిగేదేమీ లేదు.

ముందుగా ఒక మాట సరిచేసుకోవాలి. తెలుగులో మనం "నరం" అనే ఒక్క పదంతో మూడు వేర్వేరు వస్తువులను పిలుస్తాం. రక్తపరీక్షకు సూది గుచ్చేది నరానికే అంటాం, నిజానికి అది సిర. పిడికిలి బిగించినప్పుడు మణికట్టు లోపలివైపు తీగల్లా లేచే వాటినీ నరాలనే అంటాం, కానీ అవి టెండన్లు, అంటే కండరాన్ని ఎముకకు కట్టిపెట్టే తాళ్లు. అర్ధరాత్రి పిక్క పట్టేస్తే "నరం మీద నరం ఎక్కింది" అంటాం. అక్కడ ఏ నరమూ మరో నరం మీదికి ఎక్కదు, కండరమే ముడుచుకుని వదలకుండా ఉండిపోతుంది. పాదాన్ని మన వైపుకు లాగి పట్టుకుంటే వదలడానికి కారణం కూడా అదే. ఈ సమాధానంలో నరం అన్నప్పుడల్లా మెదడుకూ వెన్నుపాముకూ శరీరంలోని మిగతా భాగాలకూ మధ్య సంకేతాలు మోసేదనే అర్థం.

ఇక పొరల సంగతి. మటన్ ముక్కలు కోసేటప్పుడు మాంసం మీద వెండిరంగులో పల్చటి పొర ఒకటి కనిపిస్తుంది, కత్తి మొన దూర్చి లాగితే అది సాగుతూ ఊడివస్తుంది. వైద్యులు ఫేషియా అనేది ఇటువంటి పొరలనే, వీటి జాతి పేరు సంయోజక కణజాలం. పైకి కనిపించే పొర ఒక్కటే అయినా, దాని నుంచి గోడలు లోపలికి దిగి కండరాన్ని కట్టలుగా విడదీస్తాయి, ఆ కట్టల్లోని ఒక్కొక్క కండర తంతువునూ మళ్లీ అతి సన్నటి తొడుగు చుట్టి ఉంటుంది. కండరం చివరికి వచ్చేసరికి మాంసం అయిపోతుంది గానీ ఈ మూడు అంతరువుల పొరలూ అయిపోవు, అవన్నీ ఒకచోట చేరి పేనుకుని టెండన్‌గా మారి ఎముక పైపొరలోకి, ఎముకలోకి చొచ్చుకుపోతాయి. కాబట్టి టెండన్‌ను కండరానికి అతికించిన వేరే తాడుగా ఊహించుకోకూడదు, కండరాన్ని మొదటి నుంచీ చుట్టి ఉన్న గుడ్డే చివర్లో మెలిపడి తాడైంది. కోసిన కోడి కాలి తెగిన చివర తెల్లటి తీగను పట్టి లాగితే గోళ్లు ముడుచుకోవడం చిన్నప్పుడు చాలామంది చూసే ఉంటారు, ఆ తీగ టెండనే.

నరం నిర్మాణం కూడా అచ్చంగా ఇదే పద్ధతిలో ఉంటుంది. ఒక్కొక్క నరపు పోగుకు ఒక తొడుగు, కొన్ని పోగుల కట్టకు మరొకటి, మొత్తం నరానికి బయట ఇంకొకటి ఉంటాయి. ఆ బయటి తొడుగు పైకి వెళ్లి వెన్నుపామును కప్పే గట్టి పొరలో కలిసిపోతుంది. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి, మీ కాలి సంగతికి వచ్చేసరికి ఇదే అక్కరకు వస్తుంది.

పొరలు సంచుల్లాంటివి మాత్రమే అనుకోవడం పొరపాటు, బలాన్ని మోసేది కూడా అవే. తొడ మీదుగా ఏటవాలుగా దిగే పొడవాటి కండరాల్లో చాలా తంతువులు ఈ కొస నుంచి ఆ కొస దాకా వెళ్లవు, మధ్యలోనే ఆగిపోతాయి. అవి పుట్టించిన లాగుడు పక్కనున్న పొరకు, ఆ పొర నుంచి టెండన్‌కు చేరుతుంది. తంతువు లోపలి యంత్రాంగాన్ని బయటి పొరతో కలిపే ప్రోటీన్లలో డిస్ట్రోఫిన్ ఒకటి. డుషేన్ కండర క్షీణత అనే వ్యాధితో పుట్టిన మగపిల్లల్లో నరం బాగానే ఉంటుంది, కండరం సంకోచించే యంత్రాంగమూ ఉంటుంది, లేనిదల్లా ఈ లంకె ఒక్కటే. లంకె లేక సంకోచించిన ప్రతిసారీ తంతువు పైపొర చిరుగుతూ, బాగుపడే శక్తి క్రమంగా తరిగిపోయి, మెట్లెక్కలేని పిల్లవాడు పన్నెండేళ్లు వచ్చేసరికి సాధారణంగా చక్రాల కుర్చీకి చేరతాడు. నరం, కండరం, పొర అనే మూడింటిలో ఏది ముఖ్యమని అడిగేవారికి నేను చూపే ఉదాహరణ ఇది.

నరం కండరాన్ని కలిసే చోటు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. నరపు కొన కండరాన్ని తాకదు. మధ్యలో మిల్లీమీటరులో ఇరవై వేలో వంతు ఖాళీ ఉంటుంది, అసిటైల్‌కోలిన్ అనే రసాయనం దాన్ని దాటి వెళ్లి కండరాన్ని మేల్కొలుపుతుంది. వెన్నుపాములోని ఒక్క నరకణం కంటిని తిప్పే కండరంలోనైతే పదీ ఇరవై తంతువులను మాత్రమే అదుపు చేస్తుంది, పిక్క కండరంలోనైతే వెయ్యికి పైగా తంతువులను ఒకేసారి కదిలిస్తుంది. చూపుకు నాజూకుతనం కావాలి, పిక్కకు బలం కావాలి.

ఇప్పుడు మీ కాలి దగ్గరికి వద్దాం. పెద్దవారిలో వెన్నుపాము నడుము మొదటి, రెండో పూసల దగ్గరే ముగిసిపోతుంది. అక్కడి నుంచి కిందికి నరాల మూలాలు గుర్రపు తోకలా వేలాడుతూ ఒక్కొక్కటిగా పూసల మధ్య రంధ్రాల గుండా బయటికి వస్తాయి. నడుము నాలుగు, ఐదో మూలాలూ నడుము కింద ఉండే త్రికాస్థి అనే ఎముకలోని తొలి మూడు మూలాలూ కలిసి సయాటిక్ నరమవుతాయి. శరీరంలోకెల్లా లావైన నరం ఇదే, దాదాపు చేతి బొటనవేలంత మందం ఉంటుంది. అది పిర్ర లోపలి కండరం కింది నుంచి దిగి, తొడ వెనుకగా వచ్చి, మోకాలికి కాస్త పైన రెండుగా చీలుతుంది. ఒక పాయ పిక్క వెనుక నుంచి అరికాలికి పోతుంది, రెండోది మోకాలి బయటివైపు సన్నటి ఎముక మెడను చుట్టుకుని కాలి ముందుభాగానికీ పాదం పైభాగానికీ వెళ్తుంది. బొటనవేలి చర్మం తాకిన కబురును మోసే నరకణం నడుము పక్కన ఉంటుంది, దాని పోగు ఒక్కటే పెద్దవారిలో దాదాపు మీటరు పొడవుంటుంది. మెదడుకు అలవాటైన లెక్క ఏమిటంటే, ఆ పోగు మీద ఏ కబురు వచ్చినా అది బొటనవేలి నుంచే వచ్చిందని. అందువల్ల నడుము దగ్గర మూలం నలిగినా, వాచినా, తిమ్మిరి బొటనవేలిలోనే తెలుస్తుంది. బొటనవేలి పైభాగమూ పిక్క బయటివైపూ ఐదో నడుము మూలపు మేర. నాలుగు, ఐదో పూసల మధ్య దిండులా ఉండే డిస్క్ వెనక్కి ఉబికితే సాధారణంగా తగిలేది ఈ మూలానికే. చిటికెనవేలు, అరికాలి బయటి అంచు తిమ్మిరెక్కితే అనుమానం ఒక అంతస్తు కిందికి, త్రికాస్థి మొదటి మూలం మీదికి పోతుంది.

నొప్పి కండరంలోదా, నరానిదా అని తేల్చడానికి మేము చేసే పరీక్షల్లో ఒకటి నాకు ఇప్పటికీ ఇష్టం. మనిషిని బల్ల అంచున కూర్చోబెట్టి, వీపూ మెడా వంచమని, మోకాలిని మెల్లగా చాపమంటాం. పిక్కలో లాగుడు మొదలవగానే కాలిని అక్కడే ఆపి, తలను పైకెత్తమంటాం. తల ఎత్తగానే పిక్కలో లాగుడు తగ్గి, గడ్డం ఛాతీకి ఆనించగానే మళ్లీ పెరిగితే, అది పిక్క కండరపు నొప్పి కావడానికి అవకాశం తక్కువ, ఎందుకంటే మెడ నుంచి పిక్క దాకా వచ్చే కండరమేదీ లేదు. మెడ వంచినప్పుడు పైకి లాగబడేది వెన్నుపాము మీది గట్టి పొర, దాని వెంట కింద ఉన్న మూలమూ, దాని తొడుగూ బిగుసుకుంటాయి. మీరు అడిగిన సంబంధాన్ని ఇంత సూటిగా చూపించేది మరొకటి లేదు. ఆరోగ్యవంతమైన నరం మనం కదిలినప్పుడల్లా తన గొట్టంలో కొన్ని మిల్లీమీటర్లు అటూ ఇటూ జారుతూ ఉంటుంది. ఎక్కడైనా వాచి చిక్కుకుంటే జారడం మాని లాగడం మొదలుపెడుతుంది.

స్కాన్ విషయంలో మాత్రం ఒక హెచ్చరిక చేయాలి. ఏ నొప్పీ లేనివారికి స్కాన్లు తీసిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2015లో ప్రచురించిన ఒక సమీక్ష ప్రకారం, డిస్క్ ఉబ్బు ఇరవై ఏళ్లవారిలో దాదాపు 30 శాతం మందిలో, ఎనభై ఏళ్లవారిలో 84 శాతం మందిలో కనిపించింది. అందుచేత రిపోర్టులో "డిస్క్ బల్జ్" అని ఉన్నంత మాత్రాన కారణం దొరికినట్టు కాదు, ఉబ్బిన అంతస్తూ వైపూ మీ తిమ్మిరి మేరతో సరిపోలాలి. పైగా నొప్పి నొక్కుడు వల్ల మాత్రమే రాదు. డిస్క్ లోపలి మెత్తటి పదార్థం మూలానికి తగిలితే అక్కడ వాపు పుడుతుంది. కాలం గడిచి ఆ వాపు తగ్గితే, ఉబ్బు కొంత మిగిలి ఉన్నా నొప్పి పోవడం మామూలే.

ఇప్పటిదాకా నరం ఆజ్ఞలు మోస్తుందన్నట్టు చెప్పుకొచ్చాను. నిజానికి అది వినే పని కూడా అంతే ఎక్కువగా చేస్తుంది. కండరం మధ్యలో కదురు ఆకారంలో ఉండే చిన్న గ్రాహకాలు కండరం ఎంత సాగిందో, ఎంత వేగంగా సాగుతోందో వెన్నుపాముకు చెబుతాయి. టెండన్‌లో ఉండే మరో రకం గ్రాహకాలు ఎంత బలంతో లాగుతోందో చెబుతాయి. మోకాలి చిప్ప కింద డాక్టరు సుత్తితో తట్టినప్పుడు జరిగేది ఇదే. తట్టింది టెండన్‌ను, దానివల్ల తొడ ముందరి కండరం రవ్వంత సాగింది, కదురు ఆ కబురు పంపింది, వెన్నుపాము మెదడును అడగకుండానే తిరుగుజవాబు ఇచ్చింది, కాలు ఎగిరింది. 1875లో ఎర్బ్, వెస్ట్‌ఫాల్ అనే ఇద్దరు జర్మన్ వైద్యులు వేర్వేరుగా వర్ణించిన ఈ పరీక్ష ఇంకా నిలిచి ఉండటానికి కారణం ఉంది, ఒక్క తట్టుతో టెండన్, కండరం, వెళ్లే నరం, వచ్చే నరం, వెన్నుపాములోని ఆ అంతస్తు అన్నీ పరీక్షకు నిలుస్తాయి. కూచిపూడి తరంగంలో ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలిచి లయ తప్పకుండా పళ్లేన్ని నడిపించే నర్తకి పాదాలను చూడకుండానే వాటి స్థితిని తెలుసుకోగలిగేది కండరాల్లోని, టెండన్లలోని, ఎముకను ఎముకకు కట్టే లిగమెంట్లలోని, అరికాలి చర్మంలోని ఇటువంటి గ్రాహకాల వల్లనే. చీలమండ మడతపడి లిగమెంట్ చిరిగినవారు నొప్పి పోయాక కూడా మళ్లీ మళ్లీ అదే కాలిని మడతపెట్టుకోవడానికి ఒక కారణం, తాడుతో పాటు తాడులోని కబుర్లు మోసే ఏర్పాటు కూడా దెబ్బతినడమే. వారికి కట్టు కంటే ఒంటికాలి మీద నిలబడే సాధన ఎక్కువ మేలు చేయడం నేను చూశాను.

నరం, కండరం, టెండన్ అనే ఈ మూడింటినీ విడదీసి మళ్లీ కలిపి చూపినవారు మన పక్క రాష్ట్రంలోనే పనిచేశారు. వేలూరులోని క్రైస్తవ వైద్య కళాశాలలో 1940ల చివర్లో డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల ముడుచుకుపోయిన చేతులపై పనిచేయడం మొదలుపెట్టారు. కుష్ఠు బాక్టీరియాకు చల్లటి చోట్లు ఇష్టం కాబట్టి చర్మానికి దగ్గరగా ఉండే నరాలను, ముఖ్యంగా మోచేతి లోపలి ఎముక వెనుక నుంచి పోయే నరాన్ని, పాడుచేస్తుంది. మోచేయి గోడకు తగిలితే జిల్లుమనేది ఆ నరమే. అది చచ్చుబడితే అరచేతిలోని చిన్న కండరాలు పడిపోయి వేళ్లు పంజాలా వంగిపోతాయి. ఆ నరాన్ని బతికించలేరు. కానీ ముంజేతిలో వేరే నరం కింద పనిచేసే కండరాలు బాగానే ఉంటాయి కాబట్టి, అటువంటి కండరపు టెండన్ ఒకదాన్ని దారి మళ్లించి వేళ్లకు కుట్టారు. శస్త్రచికిత్స తర్వాత నెలల తరబడి సాధన చేయించి, పాత కండరానికి కొత్త పని నేర్పారు. చేయి తెరుచుకుంది, పట్టు వచ్చింది. స్పర్శ మాత్రం తిరిగి రాలేదు. వేళ్లు అరిగిపోవడం జబ్బు వాటిని తినేయడం వల్ల కాదని, నొప్పి తెలియక కాల్చుకోవడం, కోసుకోవడం, గాయపడిన చేత్తోనే పనిచేయడం వల్లనని గట్టిగా వాదించినవారిలో ఆయన ముఖ్యులు.

మన దగ్గర ఈ సంబంధం అన్నిటికంటే ఎక్కువగా తెగుతున్నది చక్కెర వ్యాధిలో. పొడవాటి నరాలు ముందుగా దెబ్బతింటాయి కాబట్టి రెండు పాదాల వేళ్లూ కలిసి తిమ్మిరెక్కి, మేజోడు తొడిగినట్టు పైకి పాకుతుంది. మీకు ఒక్క కాలే, అందులోనూ ఒక్క మేరే కాబట్టి ఆ అనుమానం తక్కువ, అయినా ఈ వయసులో షుగర్ పరీక్ష చేయించుకోవడం మంచిది. అదే చక్కెర సంయోజక కణజాలంలోని కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులకు అంటుకుని వాటిని గట్టిపరుస్తుంది. చాలాకాలంగా షుగర్ ఉన్నవారిని నమస్కారం పెట్టమని అడిగితే కొందరికి అరచేతులూ వేళ్లూ పూర్తిగా ఆనవు, వేళ్ల మధ్య నుంచి వెలుతురు కనిపిస్తుంది. భుజం పట్టేసి చేయి పైకి లేవకపోవడం వీరిలో ఎక్కువగా కనిపించడానికి కూడా ఈ గట్టిపడటమే ముఖ్య కారణంగా భావిస్తారు.

ఇక మసాజ్ మాట. శరీరంలో కండరాలు పొరల ద్వారా పొడవాటి గొలుసులుగా కలిసి ఉంటాయన్న సిద్ధాంతం బాగా ప్రచారంలో ఉంది. శవపరీక్షల ఆధారాలను పరిశీలించిన 2016 నాటి ఒక సమీక్షలో ఆ గొలుసుల్లో మూడింటికి గట్టి ఆధారం దొరికింది, శరీరం ముందువైపు పైగొలుసుగా చెప్పే దానికి అసలు దొరకలేదు. అంటే వెనుకవైపు అరికాలి పొర, పిక్క, తొడ వెనుక కండరాలు వరసగా కలిసి ఉండటం నిజం, ఒకవైపు వీపు కండరం నడుము పొర ద్వారా అవతలివైపు పిర్ర కండరంతో కలవడమూ నిజం. అయితే కలిసి ఉండటం వేరు, బొటనవేలితో నొక్కి దాన్ని "వదులు చేయడం" వేరు. తొడ బయటి గట్టి పొర, అరికాలి పొర వంటివాటిని 1 శాతం మేర కూడా కుదించాలంటే మనిషి చేతికి సాధ్యం కానంత బలం కావాలని 2008లో వచ్చిన ఒక గణిత అధ్యయనం చూపింది. మసాజ్ తర్వాత హాయిగా ఉండటం అబద్ధం కాదు, నేనూ చేస్తాను. కానీ అక్కడ మారింది పొర కాదు, ప్రధానంగా నరాల వ్యవస్థ. చర్మం మీది, కండరంలోని గ్రాహకాలు పంపిన కబుర్లతో బిగింపు కాసేపు సడలుతుంది. నడుము దగ్గర వాచిన మూలాన్ని పిక్క మీద ఎంత రుద్దినా తాకలేరు. పది సిట్టింగులకు ముందే డబ్బు కట్టించుకునేవారి దగ్గర నాకు నమ్మకం తక్కువ.

కాలి తిమ్మిరికి ఇటువంటి కారణాలున్నప్పుడు చాలామందికి శస్త్రచికిత్స లేకుండానే ఆరు నుంచి పన్నెండు వారాల్లో గణనీయంగా తగ్గుతుంది. మంచం పట్టి పడుకోవడం మేలు చేయదు, ఓర్చుకోగలిగినంత నడవడం మంచిది. బరువులు వంగి ఎత్తకండి, ఒకే చోట అరగంటకు మించి కూర్చోకండి. నొప్పి కాలి కింది నుంచి నడుము వైపు కుంచించుకుపోతుంటే అది మంచి సూచన, నడుము కాస్త నొప్పి పెట్టినా కంగారుపడవద్దు. కానీ మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, మలద్వారం చుట్టూ, తొడల లోపలివైపు స్పర్శ పోవడం, రెండు కాళ్లూ బలహీనపడటం, వీటిలో ఏది కనిపించినా అదే రోజు, అర్ధరాత్రయినా సరే, ఆసుపత్రికి వెళ్లాలి. గుర్రపు తోకలాంటి ఆ నరాల గుత్తి మొత్తం నలిగితే గంటలు కూడా విలువైనవే.

డాక్టరు గారి దగ్గరికి వెళ్లేలోపు రెండు విషయాలు గమనించి పెట్టుకోండి. ఎవరినైనా మీ రెండు కాళ్ల బొటనవేళ్లనూ చేతివేళ్లతో కిందికి నొక్కమని, మీరు పైకి లేపి చూడండి, ఎడమవైపు బలం తక్కువగా ఉందా? అలాగే ఎడమ పాదాన్ని లోపలికి తిప్పి, ఎదుటివారు బయటికి తోస్తుంటే నిలపగలుగుతున్నారా? రెండూ బలహీనంగా ఉంటే తప్పు ఐదో నడుము మూలంలో ఉండే అవకాశం ఎక్కువ. బొటనవేలు బలహీనంగా ఉండి, పాదాన్ని లోపలికి తిప్పే బలం చక్కగా ఉంటే, ఆ పని చేసేది సయాటిక్ నరపు రెండో పాయ కాదు గనుక, నడుము స్కాన్ శుభ్రంగా ఉన్నా ఆశ్చర్యపోనక్కరలేదు. అప్పుడు వెతకవలసింది మోకాలి బయటివైపు సన్నటి ఎముక మెడ దగ్గర. గంటల తరబడి కాలు మీద కాలు వేసుకుని కూర్చునేవారిలో, గొంతుక్కూర్చుని పనిచేసేవారిలో నరం అక్కడ నలగడం నేను తరచు చూస్తుంటాను. మీరు రోజూ ఎలా కూర్చుంటారో కూడా డాక్టరు గారికి చెప్పండి.